మావయ్య లాన్‌లో పులిచింత

మన బరంపురంలో ఇంటి ముందు లాన్ పెంచుతున్నామని చెబితే ఎదటివాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత "ఆవుకా?" అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. ఎండాకాలం వస్తే కుళాయి దగ్గర బిందెలు వరస పెట్టుకునే ఊళ్ళో, గజం జాగా దొరికితే మునగచెట్టో బొప్పాయో వేసుకుంటాం గాని, ఊరికే చూడ్డానికి గడ్డి ఎవరు పెంచుతారు? మా ఇంట్లో పెంచారు. 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. అందులోకి చేరిన ఒక మొక్కని వదిలించుకోడానికి మాకు రెండు వానాకాలాలు పట్టింది. ఆ సంగతే రాస్తున్నాను. మన పత్రిక వెళ్ళే ఇళ్ళల్లో లాన్ ఉన్నవి ఎన్నో ఉండవు గాని, ఈ మొక్క లేని ఇల్లు మాత్రం ఉండదు. తులసికోట మొదట్లోనో, గచ్చు పగుళ్ళలోనో, రోజా కుండీలోనో చూడండి, ఉంటుంది.

ముందు ఆ లాన్ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. లేకపోతే గుప్పెడు గడ్డి కోసం ఇంత గొడవేమిటనిపిస్తుంది.

మావయ్య వాళ్ళ నాన్నగారూ, మావయ్యా ఇద్దరూ కలకత్తా వైపు జూట్ మిల్లుల్లో బతికినవాళ్ళు. ఆ కథ మీకు నేను చెప్పక్కర్లేదు. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో మొదటి మిల్లు లేచింది. ఆ తర్వాత మిల్లులు పెరిగేకొద్దీ మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి జనం రైలెక్కి ఆ ఒడ్డుకి చేరారు. అప్పటికి మనది మద్రాసు రాజధాని కాబట్టి అక్కడ మనల్ని మద్రాసీలు అనేవారు. 1936లో గంజాం ఒరిస్సాలోకి వచ్చింది గాని మిల్లు లైన్లలో ఆ పేరు మారలేదు. మావయ్య 34 ఏళ్ళు తాంత్‌ఘర్‌లో, అంటే మగ్గాల ఖాతాలో చేశారు. మిల్లులు నడిపిన డండీ దొరలు ఆయన చేరేనాటికే వెళ్ళిపోయారు. వాళ్ళు నది ఒడ్డున కట్టించుకున్న బంగళాలు, వాటి ముందు పచ్చిక మిగిలాయి.

"లైను గదిలో తొమ్మిదిమందిమి పడుకునీవోళ్ళం. ఒకడు షిఫ్టుకెళ్తే ఇంకొకడు అదే చాప మీద వాలీవోడు. ఆ బంగళా ముందర మాత్రం మనిషి కాలు పడని గడ్డి, ఎకరానికి తక్కువుండదు," అంటారు. కోపంగా కాదు. ఆ గడ్డిని తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ ముచ్చటే. మాలీలు కూర్చుని కత్తెరతో కత్తిరించేవారట, ఒక్క వేరే ఆకు కనిపించేది కాదట.

రిటైరయ్యాక గ్రాట్యుటీ చేతికి రావడానికి మూడేళ్ళు తిరిగారు. అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు. ఆ డబ్బుతో ఈ ఇల్లు కట్టారు. ఇంటి ముందు పాత మామిడిచెట్టు ఉండేది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు అది వేళ్ళతో సహా లేచి ప్రహరీ మీద పడింది. తెల్లారి చూస్తే మా వీధంతా అలాగే ఉంది, ఊళ్ళో నీడన్నదే లేదు. మరుసటేడు అందరూ మళ్ళీ మొక్కలు నాటుకున్నారు. మావయ్య మాత్రం నర్సరీ నుంచి చాపల్లా చుట్టిన గడ్డి తెప్పించి పరిచారు. "చెట్టేస్తే దాని నీడ నేను చూడను. గడ్డయితే చూస్తాను," అన్నారు. అప్పట్నుంచీ సాయంత్రం అయిదయ్యేసరికి కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి, పాదాలు గడ్డిలో పెట్టుకుని కూర్చోవడం ఆయన అలవాటు. ఎవరొచ్చినా ముందు చెప్పులు విప్పించి గడ్డి తొక్కిస్తారు. అది వాళ్ళకి కాఫీ ఇవ్వడం కంటే ముఖ్యం.

2021 వానల్లో ఆ గడ్డిలో మూడాకుల మొక్క కనిపించింది. రోడ్డు పక్క నర్సరీ నుంచి తెచ్చిన క్రోటన్ కుండీల్లో వచ్చిందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మొదటి గుబుర్లు ఆ కుండీల పక్కనే లేచాయి. కుండీ మట్టిలో దాక్కుని ఊళ్ళు తిరగడం ఈ మొక్కకి అలవాటే.

న్యూజెర్సీలో ఉన్న మా మరిది కూతురు వీడియో కాల్‌లో చూసి, "పెద్దమ్మా, అది క్లోవర్. మా యార్డులో కూడా ఉంది," అంది. తను చెప్పిన సంగతొకటి నాకు బాగా నచ్చింది. ఒకప్పుడు అమెరికాలో లాన్ విత్తనాలు కొంటే అందులో తెల్ల క్లోవర్ విత్తనం కూడా కలిపి అమ్మేవారట. అది గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తుంది, మన కందీ పెసరా లాగే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 2,4-డి అనే కలుపుమందు అమ్మకానికొచ్చింది. అది గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. క్లోవర్ కూడా వెడల్పాకుదే, కాబట్టి చచ్చింది. మందుని కాపాడాలో క్లోవర్‌ని కాపాడాలో తేల్చుకోవలసి వచ్చేసరికి, నిన్నటిదాకా కొని చల్లిన మొక్క కలుపయిపోయింది. ఇప్పుడు మళ్ళీ కొందరు కావాలని చల్లుకుంటున్నారట. పేరు మారితే మొక్క బతుకు ఎలా మారిపోతుందో చూడండి.

కానీ మా ఇంట్లోది క్లోవర్ కాదు. అత్త ఒక ఆకు తుంపి నోట్లో వేసుకుని, "ఇది పులిచింత కదే!" అంది. పక్కింటి మాఉసి అయితే ఆంబిలితి అని, పప్పులో వేసుకుంటానని అప్పుడే గిన్నె పట్టుకొచ్చింది. గుర్తుపట్టడం తేలిక. క్లోవర్ ఆకు గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మీద లేత తెల్లచార ఉంటుంది, పువ్వు తెల్లగా బంతిలా వస్తుంది. పులిచింత ఆకు కొసన నొక్కుతో అచ్చు గుండె బొమ్మలా ఉంటుంది. పువ్వు పసుపు, అయిదు రేకులు. రాత్రయితే ఆకులు గొడుగు ముడిచినట్టు ముడుచుకుంటాయి. కొరికితే పులుపు. మన దేశంలో క్లోవర్ చుట్టం ఎవరంటే, పశువుల మేతకి వేసే బర్సీము.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, రెండిటి బతుకూ వేరు. క్లోవర్ మట్టికి ఏదో ఇస్తుంది, పులిచింత ఏమీ ఇవ్వదు. నేలని అంటుకుని తీగలు పాకిస్తుంది, ప్రతి కణుపు దగ్గరా వేరు దించుతుంది. మీరు పైన పట్టి లాగితే తీగ తెగుతుంది, కణుపు నేలలో ఉండిపోతుంది, వారంలో మళ్ళీ లేస్తుంది. కాయ బెండకాయ బొమ్మలా నిటారుగా, గోరంత ఉంటుంది. పండాక వేలు తగిలితే చాలు, టపటపా పేలి గింజల్ని అడుగుల దూరం విసురుతుంది. ఆ గింజ మట్టిలో ఏళ్ళ తరబడి కాచుక్కూచుంటుంది.

మావయ్యకి ఇవేవీ అక్కర్లేదు. ఆయనకి తెలిసిందల్లా గడ్డిలో వేరే ఆకు కనిపిస్తోందని. రోజూ పొద్దున్న వంగి పైపైన గిల్లేవారు. గిల్లినకొద్దీ అది పక్కకి పాకింది. ఏడాది తిరిగేసరికి సగం జాగాలో గడ్డి కంటే అదే ఎక్కువయింది. ఆయన నడుం పట్టేసింది. సాయంత్రం కుర్చీ బయట వేయడం మానేశారు. లోపల టీవీ ముందు కూర్చుని, ఓ రోజు మా ఆయనతో, "తీసీరా బాబూ, మొత్తం తీసీ. సిమెంటేసీండి. స్కూటరు పెట్టుకోడానికైనా పనికొస్తాది," అన్నారు. మేస్త్రీ వచ్చి కొలిచి వెళ్ళాడు కూడా. మా వీధిలో పదిళ్ళుంటే ఏడిళ్ళ ముందు సిమెంటే. వేయించుకున్నవాళ్ళని నేనేమీ అనను, ఊడ్చుకోడానికి సుఖం. కానీ ఆ మాట అన్నాక మావయ్య రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మా ఆయన ఊరికి దూరంగా మిల్లులో చేస్తారు, పదిహేను రోజులకోసారి వస్తారు. వచ్చింది ఒక రోజు, ఉన్న పనులు ఇరవై. తండ్రి బాధ చూడలేక, ఎరువుల కొట్టుకి వెళ్ళి గడ్డిమందు అడిగారు. కొట్టువాడు డబ్బాలోంచి పాత నీళ్ళ సీసాలోకి పోసి ఇచ్చాడు. పేరు లేదు, కాగితం లేదు. "ఒక మూత బకెట్టుకి కలపండి, మూడ్రోజుల్లో మాడిపోద్ది," అన్నాడట. ఏం మాడిపోద్దో చెప్పలేదు.

అప్పటికి మా మనవడికి పధ్నాలుగు నెలలు. కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. నూతికీ లాన్‌కీ మధ్య ముప్ఫై అడుగులు కూడా లేవు. అయినా ఆ సీసా గుమ్మం దాటకుండా ఆపింది నేను కాదు, అత్త.

అత్తది కవిటి. ఇక్కణ్ణుంచి ఇచ్ఛాపురం దాటితే ఉద్దానం, మనకి చుట్టాలు లేని ఊరు ఆ వైపు ఉండదు. అక్కడి కిడ్నీ జబ్బు గురించి ఎన్ని పరీక్షలు చేశారో, ఎంతమంది పెద్ద డాక్టర్లు వచ్చి వెళ్ళారో అందరికీ తెలుసు. నీళ్ళన్నారు, ఎండలో పనన్నారు, మందులన్నారు, వంశమన్నారు. ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. అత్త వాళ్ళన్నయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. ఆ సీసా చూసి అత్త గట్టిగా అరవలేదు. గుమ్మంలో నిలబడి అంది: "ఏటో తెలీకుండానే మా అన్న రక్తం మిషన్లో తిరుగుతంది. నువ్వు తెలిసీ తెలిసీ నా నూతి పక్కన మందు కొడతావేట్రా?" మా ఆయన సీసా పట్టుకుని అలాగే వెనక్కి తిరిగారు. కొట్టువాడు సీసా తీసుకున్నాడు గాని డబ్బివ్వలేదు.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం ఏ మందైనా లేబులున్న డబ్బాలోనే అమ్మాలి, అందులో ఏముందో, ఎలా వాడాలో, పొరపాటున లోపలికెళితే ఏం చెయ్యాలో రాసి ఉండాలి. నీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో పోసిచ్చిన మందు ఇంట్లో పెట్టకండి. పారాక్వాట్ అనే గడ్డిమందుకి విరుగుడే లేదు. ఒక గుక్క లోపలికి వెళ్ళినా మనిషి దక్కడం కష్టం. మన రాష్ట్రంలోనే బుర్లా మెడికల్ కాలేజీ డాక్టర్లు, కళ్ళముందు పోతున్న ప్రాణాల్ని చూడలేక, దాన్ని నిషేధించమని పోరాడారు. గ్లైఫోసేట్ సంగతి వేరే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ వాడకూడదని ఉత్తర్వు తెచ్చింది. పైగా అది గడ్డినీ పులిచింతనీ కలిపి చంపుతుంది, లాన్‌కి పనికిరాదు. 2,4-డి గడ్డిని వదిలేస్తుంది గాని దాని ఆవిరి, తుంపర గాలిలో పోయి టమాటా, చిక్కుడు లాంటివాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది. మా ప్రహరీకి అవతల మాఉసి టమాటా మడి. 280 చదరపు అడుగుల గడ్డికి ఇంత ప్రమాదం తెచ్చుకోవడం ఏం లెక్క?

ఉప్పు చల్లమన్నారు ఒకరు. ఉప్పు చల్లితే పులిచింతా పోతుంది, గడ్డీ పోతుంది, ఆ మట్టిలో మళ్ళీ ఏదీ మొలవదు. నూతి పక్కన అసలు వద్దు.

చేత్తో తీయడమే మిగిలింది. కానీ మావయ్య గిల్లినట్టు కాదు. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, సన్న బొరిగె తల్లి మొక్క పక్కన గుచ్చి కొంచెం లేపి, అక్కణ్ణుంచి తీగని దారం విప్పినట్టు కణుపు కణుపూ విప్పుకుంటూ పోవాలి. తెగితే ఆగి తెగిన చోట తవ్వాలి. తీసినదాన్ని గట్టు మీద పడేస్తే అక్కడే వేరేసుకుంటుంది, అందుకని సంచిలో వేసి ఎండలో పెట్టేదాన్ని. రోజుకి ఒక చాపంత జాగా, అంతే. మొత్తం ఒక్కరోజులో అయిపోవాలనుకుంటే నడుమూ పోతుంది, ఓపికా పోతుంది. పువ్వు కనిపించిన చోటికి ముందు వెళ్ళాలి, ఎందుకంటే పువ్వయ్యాక కాయకి ఎక్కువ రోజులు పట్టదు.

అసలు చిక్కు కాయ పండిన గుబుర్లతో. చెయ్యి పెట్టగానే గింజలు చిమ్మేస్తాయి. అంటే కలుపు తీస్తున్నామనుకుంటూ విత్తనాలు చల్లుతున్నామన్నమాట. దీనికి ఉపాయం మావయ్యే చెప్పారు. అప్పటిదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ మాట్లాడకుండా కూర్చున్నారు. ఓ రోజు లేచి అటక మీంచి పాత బియ్యం గోనెలు దింపారు. వాటిని తడిపి, నీళ్ళు పిండి, గుబురు మీద కప్పి, గోనె కిందనుంచి చెయ్యి పెట్టి పీకమన్నారు. గింజలు ఎగిరి తడిగోనెకి అంటుకుపోయాయి. "జూటు తడిసిందంటే ఏదీ వదల్దు. మిల్లులో నా చేతులడుగు," అన్నారు. గోనె చూడగానే ఆయనకి భాష మారిపోతుంది. ఇది సాకింగు, మోటుది, మూటలకి. అది హెస్సియను, సన్నది, గుడ్డలా ఉంటుంది. గుబురు మీదకి సాకింగే వెయ్యాలి, బరువుగా నేలకి అతుక్కుంటుంది. నేను పదేళ్ళుగా ఆ గోనెల్లోంచే బియ్యం తీస్తున్నాను, ఈ తేడా ఆ రోజే తెలిసింది.

గడ్డి పూర్తిగా చచ్చిపోయి పులిచింతే మిగిలిన చోట్లు మూడు ఉన్నాయి. వాటి మీద గోనెలు నాలుగు మడతలు పరిచి, ఇటుకలు పెట్టి, వెలుతురు సోకకుండా వదిలేశాం. ఆరు వారాలయ్యాక తీస్తే కింద పాలిపోయి చచ్చిన తీగలు. వేసవిలో అయితే ఇంకో పద్ధతి ఉంది. నేల తడిపి, పారదర్శకమైన పాలిథీను షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టితో కప్పి, ఏప్రిల్, మే ఎండలో నెలా పదిహేను రోజులు వదిలితే పై మట్టిలో ఉన్న గింజలు చాలామటుకు ఉడికిపోతాయి. గడ్డి ఉన్న చోట ఇది చెయ్యకూడదు, గడ్డీ ఉడుకుతుంది. తర్వాత ఆ మూడు చోట్లా, ఉన్న గడ్డి నుంచే పిలకలు తీసి జానెడు దూరంలో నాటాం.

గచ్చు పగుళ్ళలో ఉన్నవాటి పని అత్త చూసింది. అన్నం వార్చిన గంజి సలసలా ఉండగానే తెచ్చి పగుళ్ళలో పోసేది. రెండు మూడుసార్లకి పోయాయి. కుండీలన్నీ నేను ఒక్కొక్కటే ఎత్తి చూశాను. క్రోటన్ మట్టి పై రెండంగుళాలు తీసేసి కొత్తది వేశాను. ఇప్పుడు కొత్త కుండీ ఏది కొన్నా నెల్లాళ్ళు డాబా మీదే.

ఇంత చేసినా, గడ్డి పలచగా ఉంటే ఇదంతా వృథా. పులిచింత బలమైన గడ్డిలోకి రాదు, ఖాళీ చూసుకుని వస్తుంది. ఇక్కడే మావయ్యకీ నాకూ గొడవ. ఆయన గడ్డిని నేలమట్టంగా కత్తిరిస్తారు, బంగళా లాన్ అలాగే ఉండేదని. అంత పొట్టిగా కత్తిరిస్తే గడ్డికి ఆకు మిగలదు, ఆకు లేకపోతే వేరు దిగదు, పైగా నేల మీద ఎండ పడి పులిచింత గింజ మొలుస్తుంది. రెండంగుళాలు ఉంచితే నేల మీద నీడ పడుతుంది. "రెండంగుళాలా? అది లాను కాదమ్మా, బీడు," అన్నారు. నేనెంత చెప్పినా వినలేదు. చివరికి, "ఆ బంగళాకి ఎంతమంది మాలీలు మావయ్యా?" అని అడిగాను. "ఆరుగురు," అన్నారు. "మనకి?" అన్నాను. కత్తెర తీసుకెళ్ళి లోపల పెట్టేశారు. మర్నాడు వేళ్ళతో కొలుచుకుంటూ రెండంగుళాలకే కత్తిరించారు.

నీళ్ళ సంగతీ అంతే. రోజూ సాయంత్రం చెంబుతో చిలకరించడం మానేసి, వారానికి రెండుసార్లు నేల లోపలికి దిగేలా పట్టాం. నీళ్ళు ఆదా అయ్యాయి, వేళ్ళు కిందికి దిగాయి. కుర్చీ వేసే చోట నేల బండలా గట్టిపడిపోయింది, అక్కడ ఇనపచువ్వతో బెత్తెడుకి ఒకటి చొప్పున బొక్కలు పొడిచి, ఇసకా చివికిన పెంటా జల్లించి వేశాం. పచ్చిపేడ వెయ్యకండి, దాంట్లో ఇంకో పది రకాల గింజలు వస్తాయి. వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి 150 గ్రాముల యూరియా నీళ్ళలో కరిగించి మొత్తం జాగాకి పోసి, వెంటనే మామూలు నీళ్ళు పోశాం. అంతకు మించి అక్కర్లేదు.

2022 వానాకాలంలో రోజుకో బుట్టెడు తీశాను. 2023లో గుప్పెడు. ఇప్పుడు వానలు పడ్డ వారంలో ఐదారు మొక్కలు కనిపిస్తాయి. మా మనవడు "పుల్లాకు" అంటూ నాకంటే ముందు పట్టుకుంటాడు. వాడికి పసుపు పువ్వు రాకముందే కనిపిస్తుంది, నాకు కళ్ళజోడు కావాలి. పూర్తిగా పోయిందని అనను. మట్టిలో ఉన్న గింజలు ఇంకా కొన్నేళ్ళు లేస్తూనే ఉంటాయి. మేస్త్రీ రెండుసార్లు ఫోన్ చేశాడు, తర్వాత మానేశాడు. మావయ్య కుర్చీ మళ్ళీ బయటికొచ్చింది.

అత్త మాత్రం నాలుగు మొక్కలు దాచుకుంది. పగిలిన సిమెంటు తొట్టిలో, డాబా మీద, ఎవరూ తాకకూడదని. పులిచింత ఆకు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కాస్త నువ్వులు వేయించి రోట్లో నూరితే గోంగూర పక్కన పెట్టినా తీసిపోదు. రాగి చెంబులు తోమడానికి కూడా అదే ఆకు గుప్పెడు తెచ్చి రుద్దుతుంది, చింతపండు మిగులుతుంది కదా అంటుంది. ఆ పులుపంతా ఆక్జాలిక్ ఆమ్లం, అందుకే చిలుము వదులుతుంది. పాలకూరలో, చుక్కకూరలో ఉన్నదీ అదే. కాబట్టి కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఈ పచ్చడి జోలికి వెళ్ళకూడదు. కవిటి వెళ్ళేటప్పుడు అత్త అన్నయ్యకి ఏదో ఒకటి కట్టి పట్టుకెళ్తుంది, అరిసెలో, చేగోడీలో. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఇద్దరూ ఈ ఆకు ఏరుకు తినేవారట. ఆయన ఫోన్లో అడుగుతారు, "పులిచింత పచ్చడి చేసేవేటే?" అని. "ఎక్కడిదన్నయ్యా, మా కోడలు మొత్తం పీకేసింది," అంటుంది.

తొట్టిలో కాయ పడకుండా చూసుకునే బాధ్యత అత్తదే. వారానికోసారి పువ్వులన్నీ తుంచేస్తుంది. ఒక్క గింజ కిందికి దూకినా ఊరుకోనని మావయ్య హెచ్చరించారు.

మా లాన్ అంచుల్లో, నర్సరీ గడ్డి పట్టని చోట, గరిక దానంతట అదే దట్టంగా అల్లుకుంది. వినాయక చవితికి కావలసినవాళ్ళు ముందురోజు పొద్దున్నే వచ్చి కోసుకోవచ్చు. వేళ్ళతో పీకొద్దు, కత్తెర మా ఇంట్లోనే ఉంది. చెప్పులు గేటు దగ్గర విప్పమని మావయ్య ఎలాగూ చెబుతారు.